వల కన్ను ఎంత యుండవలెను?



మత్స్యకారుల కార్యక్రమములో మేము కొన్ని సంవత్సరములుగా ఒక మాటను పలుమారు చదువుచు వచ్చితిమి. "సన్న కన్నుల వలలు వాడకుడు, పెద్ద కన్నుల వలలు వాడుడు" అనునదియే ఆ మాట. అది యేదో కరపత్రమునుండి మా చేతికి వచ్చినది. దాని యర్థము మాకు తెలియుననియే అనుకొంటిమి. గడచిన మాఘమాసమున ఒక తెల్లవారుజామున శబ్దలేఖన యంత్రమును వెంటబెట్టుకొని విశాఖపట్టణము చేపల రేవునకు వెళ్లితిమి. పండ్రెండు రోజుల వేటనుండి అప్పుడే గట్టు చేరిన ఒక మరపడవ సరంగు మా గొంతు గుర్తుపట్టెను. ఏబది దాటిన మనిషి. నవ్వుచునే అడిగెను: "పెద్ద కన్ను కట్టండని రేడియోలో చెప్తారు గదా, ఏ కన్ను బాబూ? మూతికాడిదా, సంచికాడిదా?"

మేము బదులు చెప్పలేకపోతిమి. యంత్రము మాత్రము తిరుగుచునే యుండెను. ఆ నాలుగైదు క్షణముల మౌనము ఇప్పటికిని మా టేపులో నున్నది. ఆనాడు చెప్పలేకపోయిన బదులును, దానిని వెదకుచు మేము తెలిసికొన్న సంగతులును నేడు మనవి చేయుచున్నాము.

ట్రాలు వల యనగా చేప తనంతట వచ్చి చిక్కుకొను వల కాదు. కడలి అడుగున ఈడ్చుకొనిపోవు వల. ముందు భాగమున రెండు రెక్కలుండును. పై త్రాటికి బెండ్లు, క్రింది త్రాటికి బరువులు కట్టుదురు. ఇరుప్రక్కల నుండు రెండు బరువైన పలకలు నీటి ఒత్తిడికి ఒకదానికొకటి దూరముగా జరిగి, వల నోటిని తెరచి పట్టును. పడవ దీనిని రెండు మూడు గంటలపాటు లాగుచునే పోవును. వల నోటినుండి వెనుకకు పోనుపోను గరాటువలె సన్నబడి, చివరకు ఒక సంచిగా ముగియును. చేరిన చేప యంతయు ఆ సంచిలోనే నిలుచును. పడవ మీదికి లాగిన తరువాత సంచి అడుగున ముడి విప్పినచో సరకంతయు బల్లలపై పడును.

కనుక నోటి దగ్గరి కన్ను ఎంత పెద్దదైనను చిన్నచేపకు దానివలన గొప్ప మేలు కలుగదు. అక్కడ చేపను పట్టునది కన్ను కాదు, భయము. వల గోడను చూచి, అది లేపు బురదను చూచి, చేప ప్రక్కకు పోక వల నోటికి ఎదురుగా ఈదుచు, అలసి, వెనుకకు జారి సంచిలో పడును. పిల్లచేప బ్రతికి బయటపడునా లేదా యని తేల్చునది ముఖ్యముగా సంచి కన్నే. సరంగు అడిగిన ప్రశ్నకు బదులు ఇది. "పెద్ద కన్ను" అని మేము చదివిన మాటను ఎవరైన నమ్మి నోటి దగ్గర అరచేతి వెడల్పు కన్నులు వేసి, సంచిని మాత్రము దోమతెరవలె కట్టుకొన్నచో, మా మాట పాటించినట్లే యగును, ఫలము మాత్రము సున్న.

ఇంతటితో సంగతి ముగిసినదా? లేదు. రెండవ చిక్కు దీనికంటె వింతయైనది. కన్ను కొలతను వలను తడిపి, కన్నును నిలువుగా సాగదీసి, ఒక ముడినుండి ఎదుటి ముడివరకు కొలుతురు. 35 మిల్లీమీటర్ల కన్ను అన్నచో అర్థమిదియే. కాని వల సామాన్యముగా నీటిలో ఏ రూపమున నుండునో మనము ఇంటనే చూడవచ్చును. ఉల్లిపాయలు వచ్చెడి ఎఱ్ఱని వలసంచి మీ వంటయింట ఉండియే యుండును. దానిలో నాలుగు ఉల్లిపాయలు వేసి పైకి ఎత్తి చూడుడు. బరువునకు సంచి నిలువుగా సాగును, కన్నులన్నియు మూసికొనిపోయి గీతలవలె నగును. వ్రేలు దూరదు. అదే సంచిని రెండు చేతులతో అడ్డముగా లాగినచో కన్నులు తెరచుకొనును. ట్రాలు సంచియు అంతే. పడవ లాగుచుండగా, లోపల సరకు బరువెక్కుచుండగా, వజ్రపు టాకారమున నున్న కన్నులు ముందు వెనుకలకు సాగి మూసికొనును. పట్టు బరువు సంచి చివరనే కూడును గనుక అక్కడ ఉబ్బిన కొద్ది భాగములో మాత్రము కన్నులు కొంత తెరచియుండును. రేవులో పొడిగా నున్నపుడు 35 మిల్లీమీటర్లు కొలిచిన కన్ను, అడుగున పని చేయునపుడు చాలచోట్ల కంటిపాప మాత్రమైనను తెరచియుండదు.

జల్లెడకును వలకును ఇదియే భేదము. జల్లెడ కన్ను చట్రమునకు బిగింపబడి యున్నది. నూక పోవలసినచోట నూక పోవును. వలకు చట్రము లేదు.

దీనికి కనుగొన్న ఉపాయము మిక్కిలి సులభమైనది. అదే వలను, అదే దారమును తీసికొని నలుబదియైదు పాళ్లు త్రిప్పి కుట్టుట. అప్పుడు కన్ను వజ్రపు టాకారమున గాక చదరముగా నిలుచును. లాగు బరువును సంచి పొడవునకు సమాంతరముగా నుండు పోగులు మోయును, అడ్డపు పోగులు కన్నును తెరచి పట్టును. 35 మిల్లీమీటర్ల కన్ను చదరముగా నిలిచినచో దాని నాలుగు ప్రక్కలును ఒక్కొక్కటి పదిహేడున్నర మిల్లీమీటర్లుండును. ఆ తలుపు ఎంత బరువునకును దాదాపు మూసికొనదు. కొచ్చినులో 1957లో స్థాపింపబడిన కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థవారు ఈ చదరపు కన్నుల సంచిని మన తీరములలో పరీక్షించి, ప్రచారము చేయుచు వచ్చిరి. ఆ సంస్థ పరిశోధన కేంద్రము విశాఖపట్టణమునను కలదు. గుజరాతు రాష్ట్రము 2003లో చేసిన చట్టములో 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను నియమమును పెట్టినది. కేరళము తరువాత 35 మిల్లీమీటర్ల చదరపు కన్నును విధించినది.

ఒక మాట. ఏ కన్నైనను గీత గీసినట్లు ఇంత పొడవు చేపను పట్టి, అంతకు పొట్టిదానిని విడువదు. ఒకే పొడవు గల నూరు చేపలు సంచిలో పడినచో కొన్ని దూరిపోవును, కొన్ని నిలుచును. సగము పోయి సగము నిలిచెడి పొడవును ఆ వల యొక్క కొలతగా శాస్త్రజ్ఞులు పరిగణింతురు. కన్ను పెంచినకొలది ఆ పొడవు పెరుగును. లావు చేప, బల్లపరుపు చేప, పాము వంటి సావడ, మీసముల రొయ్య, అన్నియు ఒకే కన్నుకు ఒకే తీరున లొంగవు. ఈ సంగతిని మరల ప్రస్తావింతుము.

ఇంతకును పిల్లచేపను విడిచినచో ఎవరికి లాభము? లెక్క చూడుడు. చేప పొడవు రెట్టింపైనపుడు వెడల్పును, మందమును అట్లే పెరుగును గనుక బరువు సుమారు ఎనిమిది రెట్లగును. పది సెంటీమీటర్ల చేపలు ఎనిమిదింటిని విడువగా వానిలో ఒక్కటియే బ్రతికి ఇరువది సెంటీమీటర్లకు ఎదిగి మరల వలలో పడినను, తక్కెడలో నష్టము లేదు. ధరలో నున్నది అసలు లాభము. పిల్లచేప కుప్పగా అమ్ముడుపోయి ఎండి కోళ్ల మేతకు పోవును, ఎదిగిన చేప మనిషి భోజనమునకు పోవును. పైగా ఎదిగిన చేప పట్టుబడులోగా ఒకసారియైన గ్రుడ్లు పెట్టి యుండును.

అట్లని కన్నును ఇష్టము వచ్చినంత పెంచరాదు. సముద్రములో చేపలు మన కొఱకు కాచుకొని యుండవు. పెద్దచేప చిన్నచేపను తినును, రోగము తినును, కాలము తినును. మరీ ఆలస్యముగా పట్టుదమన్నచో పట్టుటకు మిగులవు. ఎదుగుదల వలన కలుగు లాభమును, చావు వలన కలుగు నష్టమును తూచి, ఏ వయసున పట్టుట మేలో లెక్కగట్టు పద్ధతిని ఇంగ్లండులో బెవర్టన్, హోల్ట్ అను నిద్దరు 1957లో ఒక పెద్ద గ్రంథముగా వెలువరించిరి. నేటికిని మత్స్యశాస్త్రము ఆ పునాదిపై నడచుచున్నది.

ఈ సమస్య మన కాలమునందే పుట్టినది కాదు. 1376లో ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డునకు పార్లమెంటు ద్వారా ఒక విన్నపము చేరినది. కొందరు కొత్తరకపు ఈడ్పువల నొకటి కల్పించిరనియు, దాని యినుము నీటి అడుగున నున్న మొలకలను, చేపలు తిను ఆహారమును చెఱచుచున్నదనియు, దాని కన్ను రెండు బొటనవ్రేళ్ల ప్రమాణమే యగుటచే ఎంత చిన్న చేపయు తప్పించుకొనజాలదనియు, అట్లు పట్టిన చేపలను ఏమి చేయవలెనో తెలియక పందులకు మేపుచున్నారనియు అందు వాపోయిరి. ఆఱువందల యేండ్ల నాటి ఆ విన్నపమును చదువునప్పుడు, అచట పందులు, ఇచట కోళ్లు అను భేదము తప్ప మఱేమియు మాకు కనబడలేదు.

నడుమ నమ్మకము మారినది. 1883లో లండనులో జరిగిన మత్స్య ప్రదర్శనములో హక్స్లీ మహాశయుడు, కాడ్ హెఱ్ఱింగు వంటి మహాసముద్ర మత్స్యములు తరుగునవి కావని పలికెను. ఆయన సామాన్యుడు కాడు. నాటి పడవలను, నాటి వలలను చూచి చెప్పిన మాట అది. ఆవిరి పడవలు అప్పుడప్పుడే బయలుదేరుచుండెను. తరువాత ఉత్తర సముద్రములో జరిగిన పరీక్షను ఎవరును తలపెట్టి చేయలేదు. 1914లో యుద్ధము వచ్చెను. కడలినిండ మందుపాతరలు, యుద్ధనౌకలు. చేపల పడవలు చాలవరకు నిలిచిపోయెను. నాలుగేండ్ల తరువాత పడవలు మరల వెళ్లినపుడు వలలు పెద్ద పెద్ద చేపలతో బరువెక్కి వచ్చెను. కొద్ది సంవత్సరములలోనే మరల తరుగుదల. రెండవ యుద్ధమునను ఇట్లే జరిగెను. సముద్రమునకు విరామమిచ్చినచో తేఱుకొనునని యుద్ధము నేర్పినది. 1946లో పలు ఐరోపా దేశములు లండనులో కూడి, వల కన్నునకును, పట్టదగిన చేప పొడవునకును కనీస ప్రమాణములు నిర్ణయించు ఒడంబడికపై సంతకములు చేసినవి.

మన తీరమున ట్రాలు వల కథ కొంత ఆలస్యముగా ప్రారంభమైనది. మద్రాసు ప్రభుత్వమువారు 1927 నుండి 1930 వరకు 'లేడీ గోషెన్' అను నౌకతో తూర్పుతీరపు కడలి అడుగును పరిశీలించిరి. కాని మరపడవలు తీరమునందంతట వ్యాపించినది 1960 తరువాతనే. నూలు వలలకు చెట్టుబెరడు కషాయము పట్టించి ఎండబెట్టుకొను కాలము పోయి, కుళ్లిపోని కృత్రిమ నారల వలలు వచ్చినవి. మూలకారణము రొయ్య. పరదేశములలో రొయ్యకు వచ్చిన ధరయే ఈ వలలకు ఊపిరి యయ్యెను.

ఇచ్చటనే మన చిక్కు ఉత్తర సముద్రపు చిక్కుకంటె జటిలమైనది. అక్కడ కాడ్ చేప పలు సంవత్సరములు బ్రతుకును, రెండు మూడు జాతులకు సరిపోవునట్లు కన్నును నిర్ణయింపవచ్చును. మన అఖాతములో ఒక్క ఈడ్పులో గులివిందలు, గొరసలు, సావళ్లు, నెత్తళ్లు, చందువలు, పీతలు, రొయ్యలు కలగాపులగముగా వచ్చును. రొయ్య కడలిలో పుట్టి, పసితనమున గోదావరి కృష్ణల ముఖద్వారములలోని మడ అడవుల నీటిలో పెరిగి, మరల కడలికి వచ్చును. దాని ఆయువు ఏడాది, రెండేండ్లు. దానిని విడిచిపెట్టి పెద్దదగువరకు నిరీక్షించుట కుదరదు. రొయ్యకు తగిన సన్న కన్ను గులివింద పిల్లకు యమపాశము. గులివిందకు తగిన పెద్ద కన్నులోనుండి సన్న రొయ్య జారిపోవును. అందఱికిని న్యాయము చేయు కన్ను ఒక్కటి లేదు. నిపుణులు చెప్పు 35 మిల్లీమీటర్ల చదరపు కన్ను ఒక రాజీ. దీనిని రాజీ యని ఒప్పుకొని చెప్పుట మంచిదని మా యభిప్రాయము. నష్టమేమియు లేదని చెప్పినచో సరంగు నవ్వును. మొదటి వారములో నష్టము కనబడునని అతనికి తెలియును.

కొచ్చిను సంస్థవారు ఈ చిక్కును విప్పుటకు మఱియొక అమరిక చేసిరి. వల లోపల ఒక జల్లెడవంటి చట్రమును పెట్టి, రొయ్యను క్రింది సంచికి, ఎదిగిన చేపను పై సంచికి పంపి, పిల్లచేపను బయటకు విడుచుట దాని పని. జల్లెడకు చట్రముండునని ఇంతకుముందు అంటిమి. చివరకు వలలోనికే జల్లెడ వచ్చినది.

నేడు మన తీరమున చాలచోట్ల సంచి కన్ను 25 మిల్లీమీటర్లకు లోపలనే యున్నది. దానిపై మఱియొక వలను కప్పి కట్టువారును కలరు. సంచి రాళ్లకు రాచుకొని చిరుగకుండుటకని చెప్పుదురు. కొంతవరకు అది నిజమే. కాని రెండు పొరల కన్నులు ఒకదానిపై నొకటి పడినపుడు ఏ చేప దూరగలదు?

ఒకప్పుడు, 1980, 90 ప్రాంతములలో, విశాఖపట్టణమునుండి దూరము పోవు పెద్ద పడవలు రొయ్యను మాత్రము మంచులో దాచుకొని, చిన్నచేపను సముద్రములోనే పాఱవేసెడివి. మంచుపెట్టె చాలదు, చిన్నచేపకు ధర లేదు. తరువాత కోళ్ల మేతకు, ఎరువునకు గిరాకి పెరిగి, ఆ పాఱవేసెడి సరకే రేవునకు వచ్చుట మొదలిడినది. వ్యర్థము తగ్గినదని సంతోషింతమా? ధర పుట్టిన తరువాత పిల్లచేపను విడుచుటకు మనసెట్లొప్పును? ఈ రెంటిలో ఏది ఎక్కువ కీడో మేము నిశ్చయింపలేకున్నాము.

పడవ మీదికి వచ్చిన పిల్లచేపను తిరిగి నీటిలో వేసినచో చాలదా యని కొందఱు శ్రోతలు తలంపవచ్చును. చాలదు. లోతునుండి ఒక్కసారిగా పైకి వచ్చినపుడు చేప గాలితిత్తి ఉబ్బిపోవును. సంచిలో నలిగి పొలుసు రాలియుండును. బల్లపై ఎండ తగిలియుండును. తిరిగి వేసిన దానిలో బ్రతుకునది స్వల్పము. కనుక విడుదల నీటి అడుగుననే జరుగవలెను. కేరళము 2015లో 14 జాతులకు, 2017లో 58 జాతులకు పట్టదగిన కనీసపు పొడవును నిర్ణయించినది. నూనెకవళ్లకు అది పది సెంటీమీటర్లు. మంచి నియమమే. కాని రేవులో అధికారి కొలబద్ద పట్టుకొనునప్పటికి ఆ చేప చనిపోయి యుండును. అట్టి నియమము చేపను కాదు, వలను కట్టువానిని మార్చవలెను.

మన రాష్ట్రములో 1994 నాటి సముద్ర చేపలవేట నియంత్రణ చట్టము కలదు. తీరమునుండి 8 కిలోమీటర్లవరకు నీటిని తెప్పలకు, నాటుపడవలకు విడిచి, మరపడవలు ఆవలనే వేటాడవలెను. ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు 61 దినములు తూర్పుతీరమంతట మరపడవల వేట నిషిద్ధము. వేళను, చోటును నియమించుట కొంత సులభము. రేవులో కట్టియున్న పడవ అందఱికిని కనబడును. నీటి అడుగున నున్న సంచి కన్ను ఎవరికిని కనబడదు. వల కన్నును కొలుచుటకు పరీక్షాధికారులు ఆపుకొయ్య వంటి పలుచని రేకును తడి కన్నులోనికి దోపుదురు. ఆ రేకు పడవ దగ్గఱకు పోవలెను గదా.

ఈ మాటలన్నియు తెలిసికొని మేము రెండవసారి రేవునకు వెళ్లి, ఆ సరంగునే వెదకి పట్టుకొంటిమి. ఉల్లిపాయల సంచిని చూపితిమి. చదరపు కన్నుల గుడ్డముక్క నొకదానిని సంపాదించి తీసికొనిపోయితిమి. అతడు దానిని రెండు చేతులతో ఇటును అటును లాగి చూచెను. ముడి దగ్గర బొటనవ్రేలు పెట్టి నొక్కెను. "ఇది మూసుకోదు," అనెను. తరువాత కొంతసేపు మాటలాడలేదు. అటుపిమ్మట అన్న మాటలను మా టేపునుండి ఉన్నవి ఉన్నట్లు వ్రాయుచున్నాము:

"బాబూ, నేను ఈ సంచి కట్టీసినాననుకో. నా సంచిలోంచి ఎళిపోయిన పిల్ల నా ఎనక వచ్చే బోటోడి సంచిలో పడతాది. ఆడిది సన్న కన్ను. నేను వదిలినాను, ఆడు పట్టినాడు. నా బోటు ఓనరు నన్నడగడా? కలాసీలకి వాటా తగ్గితే రేపు నా బోటెక్కుతారా? అందరూ ఒకపాలి కడితే నేనూ కడతాను. నాకేటి, పిల్లల్ని చంపాలని ఉంటాదా?"

మేము దీనికిని బదులు చెప్పలేకపోతిమి. కాని ఈసారి మౌనమునకు కారణము వేఱు. పొలములో విత్తినవాడు తన గట్టు లోపలి పంటను తాను కోయును. కడలికి గట్టు లేదు. నేడు తగ్గిన సరకు నష్టము విడిచినవానిది, వచ్చు కార్తికమున పెరుగు సరకు లాభము అందఱిది. అతడు చెడ్డవాడు కాడు, తెలియనివాడును కాడు. మా కార్యక్రమము ఇన్నేండ్లు అతనిని తెలియనివానిగా ఎంచి మాటలాడినది. అది మా పొరపాటు. చదరపు కన్ను అతని కొక్కనికి ఎంత బోధించినను ప్రయోజనము లేదు. ఒక రేవులోని పడవలన్నియు ఒకే నాడు కట్టిన సంచికి మాత్రమే ఫలముండును. అది పడవ యజమానుల సంఘమువారు, కలాసీలు, మత్స్యశాఖవారు ఒకచోట కూర్చుండి ఒక తేదీ పెట్టుకొనవలసిన పని.

వేట నిషేధ దినములలో రేవుగట్టున చెట్లనీడను వలలు పరచుకొని సరంగులు, కలాసీలు మరమ్మతులు చేసికొందురు. చిరిగిన పాత సంచులు విప్పి క్రొత్త సంచులు కుట్టుకొనునది ఆ రెండు నెలలలోనే. జూను 15వ తేదీ తెల్లవారుజామున పడవలన్నియు ఒక్కసారిగా బయలుదేరును. అందఱును ఒకే దినమున మొదలుపెట్టు పని మన తీరమున ఏడాదికి ఒకటియైన నున్నదన్నమాట. ఆ సరంగునకు మేము ఇచ్చివచ్చిన గుడ్డముక్క అతని పడవ గదిలో దేవుని పటము ప్రక్కన వ్రేలాడుచున్నదని మొన్న మా మిత్రు డొకడు చూచి చెప్పెను. సంచి మాత్రము ఇంకను పాతదే.